తెనాలి ఇల్లు చూపించిన పెద్దావిడ

నేను ఫిజికల్ సైన్స్ టీచర్ని. ఇరవై తొమ్మిదేళ్ళుగా పిల్లలకు కాంతి, ధ్వని, ఉష్ణం చెబుతున్నాను. స్టాఫ్ రూములో ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. భయం వల్ల కాదు, విసుగుతో. తలుపు గాలికి కొట్టుకుని ఉంటుందనో, తీగ మీది చీర ఊగి ఉంటుందనో నాకు వెంటనే ఏదో ఒక కారణం తోచేస్తుంది. ఈ సంగతికి మాత్రం రెండేళ్ళయినా కారణం తోచలేదు. అందుకే రాస్తున్నాను. జరిగిందంతా పట్టపగలే జరిగింది.

మాది రేపల్లె. అమ్మా నాన్నా పోయి చాలా కాలమైంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు లేరు. పెళ్ళి కుదరలేదు, తర్వాత నేనే వద్దనుకున్నాను. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి అద్దె ఇళ్ళే. అడవులదీవిలో ఒకటి, కాకుమానులో రెండు, బాపట్లలో మూడు. ఇప్పుడు రేపల్లెలో స్టేషనుకు దగ్గరగా ఒక మేడ గది.

ఒంటరి ఆడమనిషికి ఇల్లిచ్చే ముందు ఓనర్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మీ ఇంటికి ఎవరెవరు వస్తుంటారమ్మా?"

"ఎవరూ రారండి," అని చెప్పేదాన్ని. అది విని వాళ్ళు సంతోషించేవాళ్ళు.

రిటైర్మెంటు దగ్గర పడుతుంటే, దాచుకున్న దానికి కాస్త లోను కలిపి తెనాలిలో చిన్న ఇల్లు కొన్నాను. రైలు దిగి నడిచి వెళ్ళేంత దూరం. ముందు గది, వెనక గది, వంటిల్లు, బాత్‌రూము, బయట చిన్న వరండా. అమ్మినాయన దుగ్గిరాలలో పసుపు వ్యాపారం చేస్తాడు. అద్దెలకివ్వడానికే కట్టించాడు, ఆయన ఎప్పుడూ అందులో ఉండలేదు. నేనూ అద్దెకివ్వడానికే కొన్నాను.

మా స్కూల్లో నాగమణి అని తెలుగు టీచరు ఉంది. వాళ్ళకు బాపట్లలో నాలుగు పోర్షన్లున్నాయి. అద్దెలివ్వడంలో ఆరితేరిన మనిషి. ఒక మధ్యాహ్నం అన్నాలు తింటూ నాకు పాఠం చెప్పింది. ఒప్పందం పదకొండు నెలలకు, స్టాంపు పేపరు మీద రాసుకోవాలి. ఆధార్ కాపీ తీసుకోవాలి. తాళం ఇచ్చే రోజు వాళ్ళను పక్కన పెట్టుకుని ప్రతి గదికీ ఫోన్లో ఫోటోలు తియ్యాలి, కరెంటు మీటరు రీడింగుతో సహా. సున్నాలు వేయించే ముందు రిపేర్లు చేయించాలి, తర్వాత కాదు. చివర్లో ఇంకో మాట అంది.

"ఇల్లు మీరే చూపించండక్కా. బ్రోకరు చేతికి తాళం ఇచ్చారంటే వాడేం చెప్పాడో మీకు తెలీదు, రేపు మాట పడేది మీరే."

అన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను. రాసుకుని కూడా ఒక తప్పు చేశాను.

ఆ ఇంట్లో రెండు లోపాలున్నాయి. వెనక గది గోడకు చెమ్మ. పెద్ద వాన పడితే మురుగ్గొట్టం వెనక్కి తన్ని బాత్‌రూములోకి నీళ్ళు రావడం. రెండూ కొన్న మొదటి వానాకాలంలోనే చూశాను. పెయింటరు కూడా ముందుగా గోడ పగలగొట్టి లీకు ఎక్కడుందో చూడాలి మేడమ్ అన్నాడు. వారం పైన పడుతుందన్నాడు. రోజూ రేపల్లె నుంచి ఎవరొచ్చి నిలబడతారు? అద్దెకు మనుషుల్ని చూడమని చెప్పిన బ్రోకరుతో అదే అంటే నవ్వాడు.

"పుట్టీ కొట్టించి రంగెయ్యండి మేడమ్. వానాకాలం దాకా ఎవరికీ తెలీదు. అప్పటికి సామానంతా సర్దుకుని ఉంటారు, ఎక్కడికి పోతారు?"

కాకుమానులో నాకు సరిగ్గా ఇదే జరిగింది. కొత్త రంగు చూసి ముచ్చటపడి చేరాను. మొదటి వానలకే గోడ చెమ్మెక్కి, ఆ గోడకానించిన పెట్టెలో మా అమ్మ బైబిలు బూజుపట్టి పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ ఓనర్ని ఎన్ని తిట్టుకున్నానో. అదంతా గుర్తుండి కూడా, బ్రోకరుకు సరేనన్నాను.

పుట్టీ కొట్టారు, రంగేశారు. గేటుకు నా ఫోన్ నంబరుతో టు-లెట్ బోర్డు కట్టించాను. బ్రోకరుకు తాళంచెవి ఇవ్వలేదు. నాగమణి మాటల్లో ఆ ఒక్కటీ పాటించాను. రెండు తాళంచెవులూ నా దగ్గరే పెట్టుకున్నాను.

అది ఫిబ్రవరి. ఒక బుధవారం క్లాసు నుంచి బయటికొస్తుంటే ఫోన్ మోగింది.

"మేడమ్, బాపట్ల నుంచి మాట్లాడుతున్నానండి. తెనాలిలో మీ ఇల్లు చూశామండి. బాగుంది గానీ చిన్నపిల్లాడున్నాడు. వానకి బాత్‌రూములోకి మురుగు తన్నుతుందంటే కొంచెం ఇబ్బందవుద్దండి. ఏమనుకోకండి."

"ఎవరు చెప్పారండీ మీకు?"

"ఇంట్లో పెద్దావిడేనండి. లోపలంతా ఆవిడే తిప్పి చూపించారు. ఉన్నదున్నట్టు చెప్పారు. ఇలాగ చెప్పేవాళ్ళు ఎవరున్నారండీ ఈ రోజుల్లో? ఆవిడకి మా నమస్కారాలు చెప్పండి."

ఇల్లు పొరపాటు పడ్డారనుకున్నాను. గేటు రంగు అడిగాను, వరండా గచ్చు అడిగాను. అన్నీ సరిగ్గా చెప్పాడు. నా నంబరు ఆ బోర్డు మీదే చూశానన్నాడు.

శనివారం స్కూలు వదలగానే తెనాలి వెళ్ళాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. తలుపు తీశాను. పుట్టీ రుద్దినప్పుడు రాలిన తెల్లటి పొడి గచ్చంతా పరుచుకుని ఉంది. పెయింటర్లు వెళ్ళాక నేను ఊడ్వలేదు. ఆ పొడిలో అడుగులున్నాయి. ఒక మగమనిషి చెప్పులవి, ఒక ఆడమనిషివి, చిన్నపిల్లాడి ఉత్త కాళ్ళవి. ముందు గదిలోంచి వంటింట్లోకి, అక్కణ్ణుంచి వెనక గదిలోకి, బాత్‌రూము దాకా. అన్ని గదులూ తిరిగారు.

నాలుగో మనిషి అడుగులు లేవు. వంగి, కళ్ళజోడు సర్దుకుని, గది గది వెతికాను. లేవు.

ఎదురింటి వరండాలో మస్తానమ్మ అనే ఆవిడ మిషను కుడుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా గేటుకు ఎదురుగానే కూర్చుంటుంది. వెళ్ళి అడిగాను.

"బుధవారమా? అవునండి టీచరుగారు, ఎవరో మొగుడూ పెళ్ళాం పిల్లాణ్ణేసుకుని వచ్చారు. మీ తలుపు తీసే ఉంది. మీరే వచ్చారేమో అనుకున్నా."

"లోపల ఎవరున్నారో చూశారా?"

"లేదండి. మాటలు మాత్రం వినపడ్డాయి. ఆడమనిషి మాటలే."

ఎవరి దగ్గరో పాత తాళానికి మారు తాళంచెవి ఉండి ఉంటుంది. నా బుర్రకు తోచిన కారణం అది. పాత ఓనరు బంధువెవరైనా కావచ్చు. బజారుకు వెళ్ళి కొత్త తాళం కొని వేశాను. ఒక చెవి హ్యాండ్‌బ్యాగులో, రెండోది రేపల్లెలో బీరువాలో పెట్టాను. గచ్చంతా కడిగి వచ్చాను. రైల్లో కూర్చున్నాక దుగ్గిరాల ఆయనకు ఫోన్ చేశాను. ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలేదు. అద్దెకున్నవాళ్ళంతా చిన్న వయసు వాళ్ళేనని, ముసలివాళ్ళెవరూ ఆ ఇంట్లో ఉండలేదని, ఎవరూ పోలేదని చెప్పాడు. ఆయన తల్లి నిక్షేపంగా దుగ్గిరాలలోనే ఉంది, మోకాళ్ళ నొప్పులతో గడప దాటదు.

పై ఆదివారం చర్చి నుంచి వచ్చి బియ్యం కడుగుతుంటే మళ్ళీ ఫోన్. ఇద్దరు ఆడపిల్లలు, తెనాలిలో నర్సులుగా పనిచేస్తున్నారు. డ్యూటీ దిగి వస్తూ బోర్డు చూసి ఆగారట.

"మామ్మగారు తలుపు తీసి చూపించారండి. వెనక గది గోడకి జూన్ నుంచీ చెమట పడుతుందంట కదా. మంచం ఆ గోడకి వెయ్యకండమ్మా, బట్టలు పుస్తకాలు అస్సలు పెట్టకండి అన్నారు. మాకు ఉండేది ఆ ఒక్క గదేనండి. మాతో చేరే మూడో అమ్మాయి ముందు గదిలో ఉంటుంది. అందుకని ఆలోచిస్తున్నాం."

నేను కూర్చున్నాను. ఆవిడ ఎలా ఉందమ్మా అని అడిగాను. వాళ్ళకు విచిత్రంగా అనిపించి ఉంటుంది, మా ఇంట్లో ఉన్న మనిషి ఎలా ఉందని నేనే అడగడం. అయినా చెప్పారు. సన్నగా, కాస్త వంగి ఉంది. లేత పసుపు నేత చీర. కళ్ళజోడు ఒక పక్క దారంతో కట్టుకుంది. మాట మెల్లగా ఉంది. గోడను చేత్తో తడుముతూ నడుస్తుంది. వాళ్ళను నిలబెట్టి మాట్లాడుతున్నందుకు రెండుసార్లు నొచ్చుకుందట, కూర్చోవడానికి ఏమీ లేదమ్మా అని.

మా బంధువుల్లో అలాంటి మనిషి లేదు. మా అమ్మ బొద్దుగా ఉండేది, గట్టిగా మాట్లాడేది. నేనున్న అద్దె ఇళ్ళ ఓనర్లందరినీ ఒక్కొక్కరినే తలుచుకున్నాను. ఎవరూ కాదు.

రెండు రోజులు సెలవు పెట్టాను. హెడ్మాస్టారికి ఇంటి పని ఉందన్నాను. మొదటి బండికి తెనాలి వెళ్ళి, తలుపు బార్లా తీసి, ఇంటి నుంచి తెచ్చుకున్న చాప ముందు గదిలో పరిచి కూర్చున్నాను. పొద్దున్న గడిచింది. మధ్యాహ్నం బాక్సు విప్పి పెరుగన్నం తిన్నాను. ఎదురింటి మిషను శబ్దం ఆగి ఆగి వస్తోంది. బయట ఎవరో పాత సామాన్లు కొంటామని అరుచుకుంటూ వెళ్ళారు. వీధిలో జనం, ఎండ. ఇంట్లో నేనొక్కదాన్నే.

రెండో రోజు కూడా అంతే. నాలుగింటప్పుడు, కూర్చుని కూర్చుని, నాకు తెలియకుండానే పైకి మాట్లాడాను.

"ఏంటండీ ఇది? దారిన పోయేవాళ్ళందరికీ కనపడతారు. ఇల్లు నాది. నాకెందుకు కనపడరు?"

ఖాళీ గదిలో నా గొంతు కాస్త మోగింది. ఫర్నిచరు లేని గది కాబట్టి మోగుతుంది, అది నేను పిల్లలకు చెప్పే పాఠమే. కానీ అడిగేశాక నాకు ఏడుపొచ్చింది. దొంగతనంగా ఇంట్లోకి వచ్చిన మనిషిని నిలదీసినట్టు లేదు ఆ అడగడం. నా కోసం ఎందుకు రారని అడిగినట్టుంది. ఒక మనిషి కోసం రెండు రోజులు కూర్చుని ఎదురుచూసి ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు.

చీకటి పడక ముందే లేచాను. లేచి వెనక గదిలోకి వెళ్ళి, ఆ గోడ మీద చెయ్యి పెట్టాను. ఫిబ్రవరి ఎండలకు పైన పొడిగానే ఉంది. పెయింటరుకు ఫోన్ చేసి, మంచి తాపీ మేస్త్రీ ఉంటే పంపమన్నాను. పుట్టీ పగలగొట్టమన్నాను.

తొమ్మిది రోజులు పట్టింది. గోడ లోపల నీళ్ళ పైపు అతుకు దగ్గర ఊడి, సన్నగా కారుతూనే ఉంది. ఎండలకు ఆ తడి ఆరిపోతుంది, వానాకాలం ఆరక పైకి తేలుతుంది. మురుగ్గొట్టం వాలు తప్పు వేశారు. కొత్తది వేయించాను. ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి మధ్యాహ్నాలు వెళ్ళి దగ్గరుండి చేయించాను. ఒక చిన్న ఉపాయం మేస్త్రీ చెప్పాడు, కొత్తగా ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళకు పనికొస్తుంది. రంగు వేసే ముందు రెండు వారాలు గోడను వదిలేసి, నీళ్ళు వాడుతూ, చెమ్మ మళ్ళీ పైకి వస్తుందో లేదో చూడాలి. చూశాను. రాలేదు. అప్పుడు రంగేయించి, గచ్చు నేనే తుడిచి, తాళం వేసి రేపల్లె వచ్చేశాను.

ఇక ఏమీ ఉండదనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఉండదేమోనని కాస్త దిగులుగా కూడా ఉండింది.

మర్నాడు, గురువారం మధ్యాహ్నం మూడు దాటాక ఫోన్ వచ్చింది. ఒక అమ్మాయి. పేరు రమ్య. వాళ్ళదీ బాపట్లే. భర్తకు విత్తనాల కంపెనీలో తెనాలికి బదిలీ అయింది.

"ఇల్లు మాకు నచ్చిందండి. ఇంతకు ముందు చెమ్మ, మురుగు ఉండేవంట కదా. ఇప్పుడన్నీ బాగు చేయించారని పెద్దావిడ చెప్పారు. మీరే దగ్గరుండి చేయించారంట."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది.

"ఇంకో మాట కూడా చెప్పారండి. మీకు చెప్పొచ్చో లేదో తెలీదు. మా ఓనరమ్మ ఒక్కతే ఉంటది, శనివారాలు మోటారు చూస్తాననో, ట్యాంకు చూస్తాననో వంక పెట్టుకుని వస్తది, మీ మీద అనుమానంతో అనుకోకండమ్మా, కాసేపు కూర్చోబెట్టి ఇంత అన్నం పెట్టండి అన్నారు."

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నాగమణికి కూడా చెప్పలేదు. ముందు రోజు రైల్లో వస్తూ, ఇంట్లో ఎవరైనా చేరాక ఏ వంకతో రావచ్చా అని ఆలోచించాను. మోటారు అనుకున్నాను. ట్యాంకు అనుకున్నాను. పక్కన ఎవరూ లేరు. పైకి అనలేదు.

"మేడమ్, ఉన్నారా? ఆవిడ మీకేమవుతారండి?" అని అడిగింది రమ్య.

ఎవరో నాకు తెలియదని చెప్పి ఉండాల్సింది. చెబితే ఆ పిల్ల ఆ ఇంట్లో చేరదు. కానీ నేను ఆలోచించి చెప్పిన మాట కాదది.

"మా పెద్దమ్మేనమ్మా," అన్నాను.

"అలాగా. ఇప్పుడే వెళ్ళారండి. నాకిక్కడ పనైపోయిందన్నారు. రేపల్లె బండి ఎన్నింటికమ్మా అని అడిగారు. మా ఆయన టైము చూసి చెబితే స్టేషను వైపు నడుచుకుంటూ వెళ్ళారు. దింపుతామంటే వద్దన్నారు."

ఆ బండి పొద్దు గూకక ముందే రేపల్లె చేరుతుంది. నేను చీర మార్చుకుని స్టేషనుకు వెళ్ళాను. నడుస్తుంటే నాకే నవ్వొచ్చింది, సైన్సు టీచరు ఎవర్ని తీసుకురావడానికి వెళుతోందని. అయినా ఆగలేదు. ప్లాట్‌ఫారం మీద ఈ చివర నిలబడ్డాను. రేపల్లెతో పట్టాలు అయిపోతాయి. ఎక్కినవాళ్ళెవరైనా దిగాల్సిందే.

బండి వచ్చింది. కాలేజీ పిల్లలు దిగారు. కూరగాయల గంపలు దిగాయి. బస్తాలు మోసుకుంటూ ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. పసుపు చీర కనిపిస్తే ముందుకు వెళ్ళాను, చిన్న వయసావిడ. జనం పలచబడ్డారు. పెట్టె పెట్టెకూ కిటికీల్లోంచి చూసుకుంటూ ఆ చివర దాకా నడిచాను. అన్నీ ఖాళీ. ఊడ్చే మనిషి ఎక్కాడు. "ఎవరి కోసమండీ?" అని అడిగాడు. "మా పెద్దమ్మ," అన్నాను. "అందరూ దిగిపోయారుగా," అన్నాడు.

వీధి దీపాలు వెలిగే వేళకు గదికి వచ్చాను. తాళం ఎలా వేశానో అలాగే ఉంది. లోపల ఎవరూ లేరు. ఎవరైనా ఉంటారని అనుకున్నానా అంటే, అనుకున్నాను.

శనివారం తెనాలి వెళ్ళి చూశాను. నేను వేసిన కొత్త తాళం వేసినట్టే ఉంది. గేటుకు ఇనప తీగతో కట్టించిన టు-లెట్ బోర్డు అక్కడ లేదు. తలుపు తీస్తే వంటింటి గట్టు మీద ఉంది, బోర్లించి. పక్కనే ఆ తీగ, నీటుగా చుట్ట చుట్టి. నా రెండు తాళంచెవుల్లో ఒకటి నా బ్యాగులో ఉంది, రెండోది బీరువాలోంచి కదల్లేదు. మస్తానమ్మ గురువారం పెళ్ళికి వేరే ఊరు వెళ్ళిందట, ఏమీ చూడలేదు.

రమ్యవాళ్ళు చేరి రెండేళ్ళయింది. ఒప్పందం పదకొండు నెలలకు రాసుకున్నాం, తర్వాత రెండుసార్లు తిరగ రాసుకున్నాం. ఫోటోలు తీశాను, మీటరు రీడింగు రాశాను, నాగమణి చెప్పినవన్నీ చేశాను. రెండు వానాకాలాలు గడిచాయి. వెనక గది గోడ పొడిగానే ఉంది. ఆ ఇంట్లో వాళ్ళకు ఏ చప్పుడూ వినపడలేదు, ఎవరూ కనపడలేదు. నర్సమ్మాయిల్ని ఒకసారి కలిసి మళ్ళీ అడిగాను. అదే చీర, అదే కళ్ళజోడు చెప్పారు. బాపట్ల ఆయనకు ఫోన్ చేసి అడిగితే ఆయనా అదే చెప్పాడు. ఆయనకూ ఆ అమ్మాయిలకూ ముఖపరిచయం కూడా లేదు. మారు తాళంచెవి సంగతీ, ఎవరో ఆట పట్టించి ఉంటారన్న సంగతీ, అన్నీ వరసగా రాసుకుని కొట్టేసుకుంటూ వచ్చాను. చివరికి కాగితం మీద ఏదీ మిగల్లేదు.

శనివారాలు తెనాలి వెళుతుంటాను. మోటారు బాగానే ఉంటుంది, అయినా ఒకసారి స్విచ్చి వేసి చూస్తాను. రమ్య కంచం పెడుతుంది. మామిడికాయ పప్పో, దొండకాయ వేపుడో ఏదో ఒకటి ఉంటుంది. వడ్డిస్తూ ప్రతిసారీ అడుగుతుంది.

"పెద్దమ్మగారు బాగున్నారాండి?"

"బాగున్నారమ్మా," అంటాను.

అది అబద్ధమో కాదో నాకు తెలియదు.